హాజరు పట్టీలో కనిపించని పని

డిగ్రీ చదివే విద్యార్థికి 75 శాతం హాజరు ఉండాలన్న నిబంధన మన కళాశాలల్లో ఎంతగా పాతుకుపోయిందంటే, దాని గురించి చర్చించవలసింది ఏమైనా ఉందని కూడా ఎవరికీ తోచదు. హాజరు చాలకపోతే హాల్‌టికెట్ ఆగుతుంది. లేదా రుసుము కట్టి మినహాయింపు తెచ్చుకోవాలి. అదీ కుదరకపోతే ఆ సెమిస్టరు మళ్ళీ చదవాలి. విద్యార్థి సంఘాలు అప్పుడప్పుడు దీనిమీద ధర్నా చేస్తాయి. అధ్యాపకులు క్రమశిక్షణ అంటారు. స్త్రీల హక్కుల గురించి మాట్లాడే మనం మాత్రం దీన్ని మన సమస్యగా పెద్దగా పట్టించుకోలేదు. అత్యాచారం, వరకట్నం, కనీస వేతనం, ఆస్తిహక్కు లాంటి వాటి పక్కన హాజరు శాతం చిన్న విషయంగా కనిపించడం సహజమే. కానీ ఒక అమ్మాయి చదువు ఆగిపోవడానికి ప్రతిసారీ పెద్ద కారణమే అక్కర్లేదు. పరీక్ష ఫీజు కట్టే రోజున గుమాస్తా చెప్పే ఒక అంకె చాలు.

ఆ అంకె వెనక ఏముందో చూడాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం. నిజామాబాదు జిల్లా నవీపేట్ మండలంలోని ఊళ్ళలో ఆడపిల్లల చదువు, ఇంటిశ్రమ అనే అంశం మీద నేను కొన్నేళ్ళుగా పనిచేస్తున్నాను. అక్కడ విన్నవీ చూసినవీ ఆధారం చేసుకునే ఈ మాటలు రాస్తున్నాను.

నవీపేట్ నిజామాబాదుకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, బాసర పోయే దారిలో ఉంది. మండలం అంచున యంచ దగ్గర గోదావరి, దాటితే బాసర. ఇంకోపక్క బోధన్ చెరకు ప్రాంతం. వరి, పసుపు ఈ నేల పంటలు. బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం కాలంలో, 1930లలో వెలసిన చక్కెర ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయి, 2015 డిసెంబరులో మూతపడింది. ఫ్యాక్టరీ జీతం మీదా, ఫ్యాక్టరీకి తోలే చెరకు మీదా ఆధారపడ్డ ఇళ్ళకు ఆ ఆధారం పోయింది. మగవాళ్ళు గల్ఫ్ దేశాలకు పోవడం ఈ జిల్లాలో అంతకుముందు నుంచే ఉంది. ఇంట్లో కూచుని బీడీలు చుట్టడం ఆడవాళ్ళకు ఎన్నో ఏళ్ళుగా ఉన్న పని. భర్త దుబాయిలో, భార్య బీడీల చాట ముందు, కూతురు కాలేజీలో ఉన్న కుటుంబం ఇక్కడ అరుదైనది కాదు.

ఇలాంటి ఇంటి నుంచి ఇంటర్ పూర్తిచేసిన అమ్మాయిలు చాలామంది డిగ్రీకి నిజామాబాదు పోతారు. కొందరు బోధన్ పోతారు. మేం డిగ్రీ చదివిన కాలంలో ఈ జిల్లా కళాశాలలు ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద ఉండేవి. 2006లో డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయం వచ్చింది. 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైన్ పద్ధతిలోకీ, చదువు సెమిస్టర్లలోకీ మారాయి. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. ఇది చిన్న మేలు కాదు. బస్సు పాసుకు డబ్బులు అడగవలసిన పని తప్పడం ఒక అమ్మాయికి ఎంత ఊరటో అడిగితేనే తెలుస్తుంది. కానీ టికెట్ పోయినా సమయం పోలేదు. లోపలి ఊళ్ళ నుంచి రోడ్డు దాకా రావాలి, కిక్కిరిసిన బస్సులో ఎక్కగలగాలి, మొదటి గంటకు తరగతిలో ఉండాలి. మొదటి గంట తప్పితే కొన్నిచోట్ల ఆ పూటంతా గైర్హాజరే.

ఇక ఇంట్లో పని. అన్నం వండటం, గిన్నెలు తోమటం, నీళ్ళు, తమ్ముడినో చెల్లెనో బడికి తయారు చేయటం, మంచంలో ఉన్న నానమ్మను చూసుకోవటం సరేసరి. వీటికి తోడు బీడీలు. ఆకు తడిపి కత్తిరించాలి, తంబాకు నింపి చుట్టాలి, దారం కట్టాలి, కట్టలు పెట్టి కార్ఖానాకు చేర్చాలి. వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. అప్పగించే రోజు ముంచుకొస్తే తల్లి ఒక్కతే చుట్టలేదు, కూతురు కూచోవలసిందే. బీడీల కార్డు తల్లి పేరు మీద ఉంటుంది. కూతురు చుట్టినవి కూడా తల్లి లెక్కలోనే పడతాయి. ఆ రోజు కూతురు చేసిన పనికి కంపెనీ పుస్తకంలో ఆమె పేరు ఉండదు. కాలేజీ పుస్తకంలో మాత్రం ఆమె పేరు ఎదురుగా గైర్హాజరు అని పడుతుంది. బి.కాం. రెండో సంవత్సరం అమ్మాయి ఒకామె నాతో ఇలా అంది: “బీడీలు చుట్టిన రోజు కాలేజీల ఆబ్సెంట్. కాలేజీకి పోయిన రోజు ఇంట్ల తిట్లు. ఏడ లెక్క తప్పినా నా మీదికే వస్తది మేడం.”

పొలం పనుల సంగతి చూద్దాం. కోతలు యంత్రాల చేతికి పోయాయి కానీ వరినాట్లు ఇప్పటికీ ఎక్కువగా ఆడవాళ్ళ చేతుల మీదే ఉన్నాయి. వానాకాలం నాట్లు జూలై, ఆగస్టు నెలల్లో పడతాయి. యాసంగి నాట్లు డిసెంబరు, జనవరిలో. ఆ వెంటనే పసుపు తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం. తల్లులు కూలికి పోతే ఇంటి పని కూతుళ్ళ మీద పడుతుంది, లేదా కూతుళ్ళే కూలికి పోతారు. కళాశాల క్యాలెండరు చూడండి. మొదటి సెమిస్టరు నడిమధ్యన వానాకాలం నాట్లు ఉంటాయి. రెండో సెమిస్టరు మొదలయ్యే వేళకు యాసంగి నాట్లు, పసుపు వస్తాయి. ఏ సెమిస్టరుకు ఆ సెమిస్టరు ఒక పని కాలాన్ని మోస్తోంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసుకోవాలి. యు.జి.సి. ప్రకారం ఏడాదికి 180 బోధన దినాలు, సెమిస్టరుకు 90. సంవత్సరానికి ఒక పరీక్ష ఉన్న పద్ధతిలో 75 శాతం అంటే 180లో 45 రోజులు తప్పిపోయే వీలుంది. జూలైలో పోయిన రోజుల్ని జనవరిలో పూడ్చుకోవచ్చు. సెమిస్టరు పద్ధతిలో 90 రోజులకే ఖాతా మూసేస్తారు. తప్పే వీలు 22 రోజులకు మించి లేదు. ఒక సెమిస్టరులో మిగిలిన హాజరు ఇంకో సెమిస్టరుకు పనికిరాదు. నెలసరి రోజుల్లో నెలకు రెండు రోజులు రాలేకపోయినా నాలుగైదు నెలలకు 8 నుంచి 10 రోజులు పోతాయి. నీళ్ళు లేని, గడియ పడని మరుగుదొడ్లున్న కళాశాలల్లో రెండు రోజులు అన్నది తక్కువ అంచనాయే. నాట్లకు 10 రోజులు వేసుకుంటే లెక్క అంచుకు వచ్చేసింది. ఒక జ్వరమో, ఇంట్లో ఒక చావో, పెళ్ళో వస్తే చాలు, 75 దాటి కిందికి పోయినట్టే. చదువులో సంస్కరణగా వచ్చిన సెమిస్టరు, పనిచేసుకుంటూ చదువుకునే వాళ్ళకు ఉన్న వెసులుబాటును ఇలా సగానికి కోసేసింది. ఈ కోత గురించి సెమిస్టరు తెచ్చినవాళ్ళు ఎవరూ మాట్లాడినట్టు నాకు తెలియదు.

హాజరు తగ్గినవాళ్ళకు మినహాయింపు ఉంది కదా అంటారు. ఉంది. జె.ఎన్.టి.యు. హైదరాబాదు కింది ఇంజనీరింగ్ కళాశాలల్లో 65 నుంచి 75 శాతం మధ్య ఉన్నవాళ్ళకు సరైన కారణం, రుసుము ఉంటే మినహాయింపు ఇస్తారు. 65కు తగ్గితే ఏ కారణమూ చెల్లదు, డిటెయిన్ చేస్తారు. డిగ్రీ కళాశాలల్లోనూ పద్ధతి ఇంచుమించు ఇలాంటిదే. సరైన కారణం అంటే వాడుకలో వైద్యుడి ధృవపత్రం. ఒంట్లో బాగాలేకపోవడం ఒక్కటే కారణం. ఇంట్లో పని ఉండటం కారణం కాదు, తల్లి కూలికి పోవటం కారణం కాదు. అందుకని అమ్మాయిలు ఎవరో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గర టైఫాయిడ్ అనో, కామెర్లు అనో కాగితం తెచ్చుకుంటారు. దానికీ డబ్బే. ఈ కాగితాలన్నీ ముందు పెట్టుకుని రేపెవరైనా పరిశోధన చేస్తే, నిజామాబాదు జిల్లాలో ఆడపిల్లలకు నాట్ల కాలంలో విపరీతంగా టైఫాయిడ్ వస్తుందని తేలుతుంది. పరిశోధకురాలిగా నాకు ఇది నవ్వులాట విషయం కాదు. ఆడపిల్లలు తరగతికి ఎందుకు రాలేకపోతున్నారో తెలుసుకునే అవకాశం విశ్వవిద్యాలయానికి ఏటా రెండుసార్లు వస్తోంది. ఆ రెండుసార్లూ అబద్ధం రాయమని విశ్వవిద్యాలయమే అడుగుతోంది.

సెలవు చీటీ మీద తండ్రి సంతకం అడగటం ఇంకొక పద్ధతి. తండ్రి దుబాయిలో ఉంటే తల్లి సంతకం చెల్లదా అని ఒక కళాశాలలో అడిగాను. చెల్లుతుంది కానీ తండ్రిదైతే మంచిది అన్నారు. ఓటు వేసే వయసు వచ్చిన మనిషి తన సెలవుకు తాను సంతకం పెట్టుకోవటం చెల్లదా అని అడిగితే మాత్రం జవాబు రాలేదు. ఈమధ్య సంతకం స్థానంలో ఎస్.ఎం.ఎస్. వచ్చింది. అమ్మాయి తరగతిలో లేకపోతే తండ్రి ఫోనుకో అన్న ఫోనుకో సందేశం పోతుంది. అబ్బాయి విషయంలో అది బడికి ఎగనామం పెట్టాడన్న ఫిర్యాదు. అమ్మాయి విషయంలో ఎక్కడికి పోయింది, ఎవరితో పోయింది అన్న ప్రశ్న. ఒక గంట తరగతి మాని ఆసుపత్రికి పోయినా, ఉద్యోగం దరఖాస్తు ఇచ్చి వచ్చినా, స్నేహితురాలి ఇంట్లో కూచున్నా ఆ సాయంత్రం ఇంట్లో విచారణ ఉంటుంది. ఒకే సందేశం, ఒకే నిబంధన, కానీ ఫలితం ఆడపిల్లకు వేరు. హాజరు పట్టీ ఇక్కడ చదువు లెక్క చూడటం మాని కాపలా కాస్తోంది. 2025-26 విద్యా సంవత్సరంలో తెలంగాణ ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో ముఖాన్ని గుర్తుపట్టే యంత్రంతో హాజరు తీసుకోవటం మొదలయింది. ముఖాన్ని గుర్తుపట్టే యంత్రానికి డబ్బు దొరికింది. ఆ ముఖం ఎందుకు రాలేదో కనుక్కునే మనిషిని పెట్టాలన్న ఆలోచన ఎవరికీ వచ్చినట్టు లేదు.

హాజరు ఇప్పుడు పరీక్షకే కాదు, డబ్బుకు కూడా ముడిపడి ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంటు పథకం వల్ల పేద కులాల ఆడపిల్లలు ఎందరో కళాశాల గడప తొక్కారు. ఆ సంగతి ఎవరూ కాదనలేరు. అయితే దానికీ 75 శాతం హాజరు షరతు ఉంది, పై తరగతికి పోవాలన్న షరతు ఉంది. డిటెయిన్ అయినవాళ్ళు మళ్ళీ చదివే ఏడాది ఖర్చు ఇంటివాళ్ళదే. ఆడపిల్ల రెండోసారి చదవటానికి డబ్బు పెట్టే ఇల్లు ఎక్కడుంది? ‘ఇక చాలు తీ’ అన్న మాట అక్కడే పుడుతుంది. 2014లో వచ్చిన కల్యాణలక్ష్మి పథకం 18 నిండిన ఆడపిల్ల పెళ్ళికి డబ్బిస్తుంది. అమ్మాయిలు డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండే వయసు సరిగ్గా అదే. ఈ వయసులో పెళ్ళిళ్ళు అవుతాయని ప్రభుత్వానికి తెలుసు కాబట్టే పథకం పెట్టింది. పెళ్ళయి అత్తగారి ఊరికి పోయిన విద్యార్థిని హాజరు ఏమవుతుందో అదే ప్రభుత్వపు కళాశాలకు తెలియనట్టే ఉంటుంది.

ప్రభుత్వం తన గడువును ఎలా పాటిస్తోందో కూడా చూడాలి. ఫీజు బకాయిలు ఏళ్ళ తరబడి చెల్లించటం లేదని 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కళాశాలలు బంద్ పాటించాయి. బకాయి రాలేదని కళాశాలలు విద్యార్థుల సర్టిఫికెట్లు ఆపుకోవటం మనం చూస్తూనే ఉన్నాం. ఆలస్యానికి ప్రభుత్వం రుసుము కట్టదు, కారణం చెప్పదు. ఇంకో సంగతి. శాతం అంటే కింద ఒక అంకె, పైన ఒక అంకె. విద్యార్థి వచ్చిన రోజుల్ని లెక్కపెడతాం, జరిగిన తరగతుల్ని ఎవరు లెక్కపెడతారు? ఖాళీ పోస్టుల్లో అతిథి అధ్యాపకులు వచ్చేసరికి సెమిస్టరు కొంత గడిచిపోతుంది. పాఠం జరగని గంటలో బెంచీ మీద కూచున్న అమ్మాయికి హాజరు పడుతుంది. పాఠం చదువుకుని ఇంట్లో ఉన్న అమ్మాయికి పడదు. చదువు ఎంత వచ్చిందన్నది ఈ లెక్కలో ఎక్కడా లేదు.

ఇంతవరకూ చదివినవారికి ఈ నిబంధన ఎత్తేస్తే సరిపోతుంది కదా అనిపించవచ్చు. ఆ మాట అనటం తేలిక. కానీ అదే ఊళ్ళలో, అదే అమ్మాయిలు నాకు చెప్పిన ఇంకో మాట ఉంది. అది వినకుండా మనం ఏ డిమాండూ రాయకూడదు. “హాజరు పోతది అంటెనే మా బాపు ఇడుస్తడు మేడం. ఆ మాట గూడ లేకుంటె పరీక్షప్పుడు పోతె చాలదా అంటరు. ఇగ ఇంట్లనే ఉంచుతరు.” ఇలా అన్నవాళ్ళు ఒకరిద్దరు కాదు. ఇల్లు దాటటానికి ఆడపిల్లకు ఒక కారణం కావాలి. పాఠం బాగుంటుందనో, స్నేహితులుంటారనో, గ్రంథాలయంలో కూచోవాలనుందనో చెబితే ఇంట్లో చెల్లదు. కాలేజీ వాళ్ళు ఊరుకోరు అంటే చెల్లుతుంది. నాట్లకు రానని చెప్పటానికి, పెళ్ళిచూపులు వాయిదా వేయటానికి, అక్క కాన్పుకు నెల రోజులు వెళ్ళి కూచోకుండా ఉండటానికి ఆమె చేతిలో ఉన్న ఒకే ఒక సాకు 75 శాతం. కొందరిని బయటికి నెడుతున్న నిబంధనే ఇంకొందరిని ఇంటి నుంచి బయటికి రానిస్తోంది. కొన్నిసార్లు ఈ ఇద్దరూ ఒక్క అమ్మాయే.

హాజరు పట్టింపు లేని చోట ఏం జరుగుతోందో కూడా మనకు తెలుసు. రాకపోయినా పరవాలేదు, పరీక్షకు వస్తే చాలు అని చేర్చుకునే ప్రైవేటు కళాశాలలు ఊరూరా ఉన్నాయి. అక్కడ పెళ్ళయిన అమ్మాయిల పేర్లు ఎక్కువగా ఉంటాయి, అమ్మాయిలు మాత్రం ఉండరు. దూరవిద్య సంగతీ ఆలోచించాలి. 1982లో హైదరాబాదులో మొదలైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ. 1991 నుంచి అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు మీద నడుస్తోంది. రోజూ తరగతిలో కూచోకుండా డిగ్రీ తెచ్చుకోవచ్చని నలభై ఏళ్ళకు పైగా రుజువు చేసిన సంస్థ అది. బడి మానేసిన ఎందరో ఆడవాళ్ళకు దారి చూపింది. కానీ పందొమ్మిదేళ్ళ అమ్మాయికి తరగతి గది అంటే పాఠం ఒక్కటే కాదు. తన వయసు వాళ్ళతో మాట్లాడటం, పక్క కులం అమ్మాయితో డబ్బా పంచుకోవటం, ఇంటివాళ్ళు లేనిచోట తనకు తాను కొన్ని గంటలు ఉండటం కూడా. మగపిల్లవాడికి అది ఊరి కూడలిలో ఎలాగూ దొరుకుతుంది. ఆడపిల్లకు కళాశాలలోనే దొరుకుతుంది. ఇంట్లో ఉండి చదువుకోమనటం ఆమెకు వెసులుబాటు అని అంత తేలికగా ఒప్పుకోలేం.

కనుక ప్రశ్న హాజరు కావాలా వద్దా అన్నది కాదు. రాలేకపోయినవాళ్ళను ఏం చేస్తాం అన్నది. ఈ విషయంలో న్యాయస్థానాలు, విశ్వవిద్యాలయాలు కొంత కదిలాయి. 2021 డిసెంబరులో యు.జి.సి. విశ్వవిద్యాలయాలకు ఉత్తరం రాసి, విద్యార్థినులకు ప్రసూతి సెలవు, హాజరు సడలింపు నిబంధనలు చేసుకోమంది. 2023 జనవరిలో కేరళలో మొదట కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం, ఆ వెంటనే రాష్ట్ర ప్రభుత్వం, నెలసరి కారణంగా విద్యార్థినులకు హాజరులో 2 శాతం సడలింపు ఇచ్చాయి. 75కు బదులు 73 చాలు. 18 నిండిన విద్యార్థినులకు 60 రోజుల దాకా ప్రసూతి సెలవు కూడా ఇచ్చారు. 2023 మేలో ఢిల్లీ హైకోర్టు, ప్రసూతి కారణంగా హాజరు తగ్గిన ఒక ఎం.ఇడి. విద్యార్థిని కేసులో, చదువుకునే హక్కూ తల్లి అయ్యే హక్కూ ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోమని స్త్రీని బలవంతపెట్టరాదని చెప్పింది. 2016లో హాజరు చాలలేదని పరీక్ష రాయనివ్వని ఒక లా విద్యార్థి ఢిల్లీలో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ ఘటన మీద నడిచిన కేసులో 2025 నవంబరులో అదే హైకోర్టు, హాజరు తక్కువైందన్న కారణంతో లా విద్యార్థులెవరినీ పరీక్ష రాయకుండా ఆపరాదంది.

వీటిని ఆహ్వానించాలి. వాటి పరిమితినీ గుర్తించాలి. 90 రోజుల సెమిస్టరులో 2 శాతం అంటే రెండు రోజులు కూడా నిండవు. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి. ఈ సడలింపుల్లో స్త్రీ శరీరం కనిపిస్తోంది, స్త్రీ శ్రమ కనిపించటం లేదు. నెలసరి, గర్భం, కాన్పు ఇప్పుడు కారణాలుగా చెల్లుతున్నాయి. వంట, బీడీలు, నాట్లు, మంచంలో ఉన్న మనిషికి సేవ కారణాలుగా చెల్లటం లేదు. ప్రకృతి ఇచ్చిన కారణాన్ని చట్టం ఒప్పుకుంటుంది, కుటుంబం మోపిన కారణాన్ని అది ఇంటి విషయం అని వదిలేస్తుంది. ఇంటిపని పని కాదన్న పాత మాటే ఇది. అంగన్‌వాడీ కార్యకర్తల జీతం దగ్గరా, బీడీ కార్మికుల పి.ఎఫ్. దగ్గరా మనం పోట్లాడుతున్నది కూడా ఈ మాటతోనే.

పని కారణాన్ని ఒప్పుకుంటే ఇళ్ళల్లో ఇంకా ఎక్కువ పని చెబుతారన్న భయం ఉంది. అది ఉత్త భయం కాదు. అందుకే సడలింపు ఒక్కటే ఇచ్చి ఊరుకోకూడదు. ఆడపిల్లను తరగతికి రప్పించే బాధ్యతను ఆమె నెత్తి మీద నుంచి దించి కళాశాల మీదా ప్రభుత్వం మీదా పెట్టాలి. మన సంఘాలు అడగవలసినవి నా ఆలోచనలో ఇవి.

మొదటిది, పరీక్ష రాసే హక్కును హాజరు నుంచి విడదీయాలి. హాజరు తగ్గినవాళ్ళకు అదనపు తరగతులు, ప్రయోగశాల పని, రాతపని ఇవ్వండి. హాల్‌టికెట్ ఆపవద్దు. మినహాయింపు రుసుము పూర్తిగా పోవాలి. చదువుకోలేకపోయిన రోజులకు చదువుకునే వాళ్ళ దగ్గర జరిమానా వసూలు చేయటంలో న్యాయం లేదు.

రెండోది, కారణాన్ని విద్యార్థిని తానే రాసి సంతకం పెడితే చెల్లాలి. ఇంటిపని, కూలిపని, సేవ, నెలసరి, గర్భం, ఇంట్లో హింస, ఏదైనా సరే. డాక్టరు కాగితం, తండ్రి సంతకం అడగరాదు. ఆ కారణాలను ఎవరి పేర్లూ లేకుండా సెమిస్టరుకొకసారి విశ్వవిద్యాలయం ప్రచురించాలి. అప్పుడు టైఫాయిడ్ ఎంతో నాట్లు ఎన్నో తెలుస్తుంది.

మూడోది, పట్టీ ఉండనివ్వండి, దాని పని మారాలి. వరసగా వారం పది రోజులు రాని అమ్మాయితో ఒక అధ్యాపకురాలు స్వయంగా మాట్లాడాలి. సందేశం పోవలసింది విద్యార్థిని సొంత ఫోనుకు. కళాశాల తన కోసం ఎదురుచూస్తోందని ఇంట్లో చెప్పుకోగలిగితే ఆ మాటకు బలం ఉంటుంది. ఆ బలం కోసం పరీక్ష పోతుందన్న బెదిరింపు అక్కర్లేదు. జరిగిన తరగతుల లెక్క కూడా నెలనెలా నోటీసు బోర్డు మీద పెట్టాలి.

నాలుగోది, రావటం కష్టం కాని ఏర్పాట్లు చేయాలి. బడుల్లో మధ్యాహ్న భోజనం వచ్చాక ఆడపిల్లలను పంపటం ఎంత తేలికయిందో మనం చూశాం. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లోనూ భోజనం పెడుతున్నారు. తెలంగాణలో డిగ్రీ దాకా పెట్టాలి. రోజుకు ఇంత అని హాజరు భత్యం అమ్మాయి సొంత ఖాతాలో వేస్తే, నాట్ల కూలికి ఎదురు చెప్పటానికి ఆమెకు సాకు కాక బలమైన కారణమే దొరుకుతుంది. డిటెయిన్ అయిన ఏడాదికి ఒకసారైనా ఫీజు ఇవ్వాలి. హాస్టళ్ళు పెరగాలి. గోదావరి అవతల బాసరలో 2008లో వచ్చిన ఆర్.జి.యు.కె.టి.లో చదివేదీ పల్లె పిల్లలే. వసతుల కోసం వాళ్ళు 2022 జూన్‌లో రోజుల తరబడి బయట కూచోవలసి వచ్చింది, అది వేరే కథ. కానీ క్యాంపసులోనే ఉంటారు కనుక పొద్దున బస్సు, ఇంటి వంట, బీడీల చాట వాళ్ళకు తరగతికి అడ్డం రావు. నవీపేట్ అమ్మాయికి తక్కువైంది క్రమశిక్షణ కాదని చెప్పటానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు.

వీటిలో కొన్నింటికి డబ్బు కావాలి, కొన్నింటికి ఒక సర్క్యులరు చాలు. తండ్రి సంతకం మానటానికి, రుసుము తీసేయటానికి, తరగతుల లెక్క గోడకు అంటించటానికి ఖర్చేమీ లేదు. విశ్వవిద్యాలయ పాలక మండలి ముందుకు ఈ మూడు అంశాలు రాబోయే సెమిస్టరు లోపే వెళ్ళేలా మన జిల్లా సంఘాలు విద్యార్థినులతో కలిసి విజ్ఞాపన తయారు చేయాలి. తయారు చేసే సమావేశం మాత్రం తరగతుల వేళ పెట్టకండి. నాట్ల రోజుల్లోనూ పెట్టకండి.